మేనేజర్ల నెత్తిన పని తగ్గించడానికి హెచ్‌ఆర్ చేతిలో ఏముంది?

ప్రశ్న: నేను ఒక మధ్యస్థాయి కంపెనీలో హెచ్‌ఆర్‌లో పనిచేస్తున్నాను. ఈ మధ్య మా మేనేజర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా దగ్గర కూర్చుంటున్నారు. అందరిదీ ఒకటే మాట: పని తలకు మించిపోయింది, పైవాళ్లకి కాదని చెప్పలేం, కింద టీమ్‌కి ఇంకా ఇవ్వలేం. మంచి మేనేజర్లు ఇద్దరు ఇప్పటికే రిజైన్ చేశారు. మా హెడ్‌తో అంటే, "వాళ్లకి కాదనడం రాదు, దానిమీద ఒక ట్రైనింగ్ పెట్టు, ఒత్తిడి తగ్గించుకోవడం గురించి కూడా ఓ గంట చెప్పించు" అన్నారు. పెట్టడం నాకేం కష్టం కాదు. దానివల్ల ఏమైనా మారుతుందా అన్నదే అనుమానం. ఎవరికి ఎంత పని అన్నది వ్యాపార విభాగాలు తేల్చుకుంటాయి, అందులో హెచ్‌ఆర్ మాట చెల్లదు. మరి మేం నిజంగా చేయగలిగింది ఏమైనా ఉందా, లేక వాళ్లు చెప్పుకున్నది విని ఓదార్చి పంపడమేనా?
పేరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: మీ అనుమానం నిజమే. ఆ ట్రైనింగ్‌తో పెద్దగా మారేదేమీ ఉండదు. హెడ్ మాట తీసెయ్యలేక పెట్టాల్సి వస్తే పెట్టండి, ఆశలు మాత్రం పెట్టుకోకండి. మీ మేనేజర్లకి కాదనడం రాక కాదు. ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి, బేరాలాడి, కస్టమర్ల కోపాలు చల్లార్చి పైకొచ్చినవాళ్లకి ఆ ఒక్క మాట నోట రాదా? వస్తుంది. అన్నాక ఏమవుతుందో కూడా వాళ్లకి బాగా తెలుసు, అందుకే అనరు. కాదన్న మేనేజర్ గురించి ఏడాది చివర "సహకరించే స్వభావం తక్కువ" అని రాస్తారు. సరేనని తలూపి అర్ధరాత్రి ఫైల్ పంపినవాడికి అందరి ముందూ చప్పట్లు కొడతారు. ఇది రెండేళ్లు చూసినవాడికి ఏ ట్రైనింగూ ఎక్కదు.

మరి ఆ మాటలు రాసే ఫారం ఎవరిది? మీదే. అందుకే హెచ్‌ఆర్ మాట చెల్లదన్నది సగమే నిజం అంటాను. పని ఎంతో మీరు తేల్చరు, ఒప్పుకుంటాను. కాదన్నవాడికి ఏం జరుగుతుంది, ఔనన్నవాడికి ఏం జరుగుతుంది అన్నది మాత్రం చాలావరకు మీ కాగితాల్లోనే ఉంది. అప్రైజల్, ప్రమోషన్, ఉద్యోగ వివరణ, ఖాళీ అయిన పోస్టు, లీవు, ఒక్కొక్కరి కింద ఎంతమంది పనిచేయాలి అన్న లెక్క, ఇవన్నీ మీ చేతుల మీదుగా పోయేవే. మధ్యలో ఉన్న మేనేజర్ అడకత్తెరలో పోకచెక్క, పైవాళ్లూ నొక్కుతారు, కిందివాళ్లూ నొక్కుతారు. అతన్ని కూర్చోబెట్టి ధైర్యం చెప్పినంత మాత్రాన ఆ నొక్కుడు తగ్గదు.

ముందు మీ విభాగం నుంచే మొదలుపెట్టండి. వినడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ మేనేజర్ల నెత్తిన పడే పనిలో హెచ్‌ఆర్ వాటా తక్కువేం కాదు. ఏడాదిలో మీరు ఒక మేనేజర్‌ని అడిగేవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఏడాది మొదట్లో లక్ష్యాల ఫారాలు, మధ్యలో ఒకసారి సమీక్ష, చివర్లో అప్రైజల్, రేటింగ్‌లు సరిచూసే మీటింగ్‌లు, ఉద్యోగుల అభిప్రాయ సర్వే, ఆ సర్వే మీద యాక్షన్ ప్లాన్, ఆ ప్లాన్ ఎంతవరకు వచ్చిందో మళ్లీ రిపోర్టు, తప్పనిసరి ట్రైనింగ్‌లు, ఇంటర్వ్యూ ప్యానెళ్లు, కొత్తగా చేరినవాళ్ల ముప్పై రోజుల ఫారం, తొంభై రోజుల ఫారం, రోజూ లీవుల ఆమోదాలు. వీటిలో ఏ ఒక్కటి చూసినా "అరగంట పనే కదా" అనిపిస్తుంది. ఎవరికి వాళ్లు అరగంటే అడుగుతారు, అన్ని అరగంటలూ వచ్చి చేరేది మాత్రం ఒకే మనిషి దగ్గరికి. పైగా త్రైమాసికం ముగిసే వారంలోనే అప్రైజల్ గడువు కూడా పడే కంపెనీలు ఎన్నో. ఎందుకలా అంటే ఎవరి దగ్గరా సమాధానం ఉండదు, ఎప్పట్నుంచో అలాగే జరుగుతోంది కాబట్టి.

ఆ కాగితం తీసుకుని మీ హెడ్ దగ్గర కూర్చుని, ఏవి తీసేయొచ్చో, ఏవి ఇంకోదాంట్లో కలిపేయొచ్చో, ఏవి తీరిక ఉన్న నెలలకి జరపొచ్చో చూడండి. పద్నాలుగు ప్రశ్నల ఫారంలో నిజంగా ఎవరైనా చదివేవి ఏ మూడో నాలుగో ఉంటాయి. మిగతావి కొట్టేయండి. తర్వాత మేనేజర్లకి ఒక చిన్న మెయిల్ పెట్టండి, "ఇకమీదట ఫలానావి మేం అడగం" అని. ఇంతవరకు ఎవరూ వాళ్లకి పని తగ్గిస్తున్నామని మెయిల్ పంపి ఉండరు. రేపు మీరు వ్యాపార విభాగాల పెద్దల దగ్గరికి వెళ్లి పని తగ్గించమని అడగబోతున్నారు కదా, అప్పుడు "ముందు మీ ఫారాల సంగతి చూసుకోండి" అని వాళ్లు అనే అవకాశం కూడా పోతుంది.

ఇక రెండోది, లెక్క. "చాలా పని ఉంది" అన్న మాటని పైవాళ్లు రోజూ వింటారు, విని విని వాళ్లకి అది చెవికెక్కదు. గంటల్లో చెప్తేనే వింటారు. మీ దగ్గరికి వచ్చిన మేనేజర్లలో ఒప్పుకున్న ముగ్గురు నలుగురిని ఎంచుకుని, రెండు వారాల కేలెండర్ ముందు పెట్టుకుని వాళ్లతో కలిసి మీరే లెక్క కట్టండి. వాళ్లనే చేసి పంపమనకండి, అది ఇంకో ఫారం అవుతుంది.

లెక్క ఎలా తేలుతుందో ఊరికే ఉదాహరణకి చూడండి. ఒక మేనేజర్ కింద తొమ్మిది మంది ఉన్నారనుకుందాం. వారానికి ఒక్కొక్కరితో అరగంట మాట్లాడితే నాలుగున్నర గంటలు. వాళ్లు చేసిన పని చూడ్డానికి, సరిదిద్దడానికి ఆరు గంటలు. మీటింగ్‌లు పద్నాలుగు గంటలు, ఇది ఎక్కువేం కాదు, చాలామంది కేలెండర్లలో ఇంతకంటే ఎక్కువే ఉంటాయి. ఇంటర్వ్యూలకి నాలుగు గంటలు, రిపోర్టులకి మూడు. మొత్తం ముప్పై ఒకటిన్నర. దీనికి తోడు అతని ఉద్యోగ వివరణలో "సగం సమయం సొంత ప్రాజెక్టు పని" అని ఉంటుంది, అంటే ఇరవై గంటలు. కలిపితే యాభై ఒకటిన్నర గంటలు. వారానికి నలభై గంటల ఉద్యోగంలో, ఒక్క ఎమర్జెన్సీ కూడా రాకముందే, ఎవరికీ జ్వరం రాకముందే, పదకొండున్నర గంటలు ఎక్కువ. ఆ వివరణ మీద సంతకం పెట్టింది ఎవరు? ఆ మనిషికి సమయ పాలన నేర్పించి ఏం లాభం, లెక్కే తప్పుగా ఉంటే.

ఇలా రాసి చూపిస్తే చాలామంది డైరెక్టర్లు నిజంగానే ఆశ్చర్యపోతారు. వాళ్లు దుర్మార్గులు కారు, ప్రతివాళ్లూ తాము అడిగిన దాన్నే చూస్తారు, మొత్తం ఎవరికీ కనపడదు. అది కనపడే చోట ఉన్నది మీరు ఒక్కరే.

ఈ లెక్క చూపించగానే ఒక డైరెక్టర్ "అయితే సరిగ్గా నలభైకి సర్దుదాం" అంటారు. అక్కడ ఆగండి. నలభైకి నలభై నింపితే కూడా పని సాగదు. క్యూల గణితంలో ఒక మౌలికమైన సూత్రం ఉంది. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి పడుతూ, ఒక్కోటి ఒక్కో నిడివితో ఉన్నప్పుడు, మనిషి సమయం 80 శాతం నిండి ఉంటే సగటున గంట పని తన వంతు కోసం నాలుగు గంటలు ఆగాలి. 90 శాతం నిండితే తొమ్మిది గంటలు. 95 శాతానికి వచ్చేసరికి పంతొమ్మిది. నింపింది ఇంకో ఐదు శాతమే, ఆగాల్సిన సమయం రెట్టింపు దాటింది. ఆఫీసులో మనుషులు అచ్చం ఈ సూత్రంలోలా ఉండరు నిజమే, కానీ "వాడికి మెయిల్ పెడితే మూడ్రోజులైనా జవాబు రాదు" అని తిట్లు తినే మేనేజర్ కేలెండర్ తెరిచి చూడండి, ఖాళీ ఎక్కడా ఉండదు. అందుకే వారంలో ఐదారు గంటలు ఎవరి పేరూ రాయకుండా వదిలేయాలని లెక్కలోనే పెట్టండి. దాన్ని తీరిక అని పిలవకండి, వెంటనే ఎవరో ఒకరు లాగేసుకుంటారు. "అనుకోని పనులు" అని రాయండి.

ఇంకోటి, మేనేజర్లు తామే ఇచ్చే గడువుల్ని కూడా నమ్మొద్దు. తమ పని ఎన్నాళ్లు పడుతుందో మనుషులు ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. 1994లో బ్యూలర్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు యూనివర్సిటీ విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు, పట్టింది 55 పైనే. కాబట్టి "శుక్రవారానికి ఇచ్చేస్తాను సార్" అని మేనేజర్ తనంతట తానే అన్నప్పుడు ఆ మాటే సగం గొయ్యి తవ్వుతుంది. పోయినసారి ఇలాంటి పని ఎన్నాళ్లు పట్టిందో చూసి చెప్పే అలవాటు చేయండి. చాలా చిన్న విషయం, పెద్ద ట్రైనింగ్ అక్కర్లేదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. మేనేజర్ నోటితో కాదనిపించే ప్రయత్నం మానేయండి. కాదనడం అతని పని కాదు, అతను అడగాల్సింది ఏది ముందు అని. ఏది ముందో తేల్చాల్సింది పైవాళ్లు. దీన్ని ఒక రూల్‌గా, రాతపూర్వకంగా, కంపెనీ పెద్దాయన సంతకంతో తీసుకురావడం హెచ్‌ఆర్ చేయగలిగిన పని. రూల్ చిన్నదే: చేతినిండా పని ఉన్న టీమ్‌కి కొత్త పని ఇచ్చేవాళ్లు, దానికోసం ఏది ఆపాలో లేదా ఏది వెనక్కి జరగాలో కూడా వాళ్లే చెప్పాలి.

రూల్ ఉన్నప్పుడు సంభాషణ ఎలా ఉంటుందో చూడండి.

"ఆ డ్యాష్‌బోర్డు గురువారానికి కావాలి."

"చేద్దాం సార్. ఇప్పుడు మా చేతిలో రెండున్నాయి, బిల్లింగ్ మార్పు, ఆడిట్ జవాబులు. డ్యాష్‌బోర్డు గురువారానికి కావాలంటే వీటిలో ఒకటి వచ్చే వారానికి వెళ్లాలి. ఏది జరపమంటారు?"

"అన్నీ ముఖ్యమే కదా."

"నిజమే సార్. మూడూ ఈ వారం అవ్వవు. మీరు చెప్తే సరే, లేదంటే సోమవారం మీటింగ్‌లో పెడతాను."

ఈ చివరి వాక్యం ఉంది చూశారూ, అది మేనేజర్ సొంతంగా అనలేడు. సోమవారం మీటింగ్ అనేది ఒకటి నిజంగా ఉంటేనే అనగలడు. అది పెట్టించండి. విభాగాల పెద్దలు మాత్రమే ఉండే పదిహేను నిమిషాల మీటింగ్, వారానికొకసారి. "అన్నీ ముఖ్యమే" అన్న పనులన్నీ అక్కడికి వస్తాయి, వాటిని ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టాలి, రెండిటికి ఒకే నంబరు ఇవ్వకూడదు. మొదటి రెండు వారాలు వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి, ఇన్నాళ్లూ ఆ వాదన మేనేజర్ కడుపులో జరుగుతూ ఉండేది. ఇప్పుడు జరగాల్సిన చోట జరుగుతోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. రూల్ వచ్చిన కొత్తలో మెయిల్‌లో మర్యాదగా అడిగిన మేనేజర్‌కి "నీకు చేతకాకపోతే చెప్పు" అన్న జవాబు ఒకటి తప్పకుండా వస్తుంది. ఆ మెయిల్ మీ దగ్గరికి రావాలి. దాన్ని మీరు ఎలా చూసుకుంటారన్న దాన్ని బట్టే మిగతా మేనేజర్లంతా ఈ రూల్ నిజమో ఉత్తదో తేల్చుకుంటారు.

నాలుగోది, రాజీనామాలు. మీ ఉత్తరంలో ఇద్దరు వెళ్లిపోయారన్నారు. వాళ్ల పని ఎక్కడికి పోయింది? చాలా చోట్ల జరిగేది ఇదీ: మనిషి వెళ్లిపోతాడు, లాప్‌టాప్ వెనక్కి తీసుకుంటారు, ఐడీ కార్డు తీసుకుంటారు, ఎగ్జిట్ ఇంటర్వ్యూ చేస్తారు, చివరి జీతం లెక్క కడతారు. అతను చేసే పని గురించి మాత్రం "ప్రస్తుతానికి మీరు చూసుకోండి" అని పక్క మేనేజర్‌కి ఒక మాట చెప్తారు. కొత్త మనిషి రావడానికి నెలలు పడుతుంది, వచ్చాక పని నేర్చుకోవడానికి ఇంకొన్ని నెలలు, ఒక్కోసారి ఆ పోస్టే రద్దవుతుంది. ప్రస్తుతానికి అన్నది అలాగే ఉండిపోతుంది. పని పెరిగిందన్న మాట ఎక్కడా నమోదు కాదు, ఎందుకంటే కొత్త పని ఏదీ ఎవరూ ఇవ్వలేదు కదా!

దీన్ని ఆపగలిగేది ఒక్క హెచ్‌ఆరే, ఎందుకంటే రాజీనామా ఏ తేదీన ఆమోదం పొందిందో, పోస్టు ఎన్ని రోజులుగా ఖాళీగా ఉందో మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. లాప్‌టాప్, ఐడీ కార్డు ఉండే ఆ ఎగ్జిట్ చెక్‌లిస్టులోనే ఇంకో వరస చేర్చండి. వెళ్లేవాళ్లు తాము చేసే పనులన్నీ రాస్తారు. పై అధికారి ఒక్కో పని పక్కన ఎవరికి ఇస్తున్నారో, ఏది ఆపేస్తున్నారో, ఏది కొత్తవాళ్లు వచ్చేదాకా ఆగుతుందో రాసి సంతకం పెడతారు. అన్నీ "ఎవరికి" గడిలోనే పడి, "ఆపేస్తున్నాం" గడి ఖాళీగా ఉంటే ఆ కాగితం వెనక్కి పంపండి. ఒక మనిషి తగ్గినా ఒక్క పనీ ఆగలేదంటే, వెళ్లినాయన ఇన్నాళ్లూ ఊరికే కూర్చున్నారని అయినా ఒప్పుకోవాలి, లేదా ఇంకెవరో రాత్రిళ్లు చేస్తున్నారని అయినా ఒప్పుకోవాలి. పక్కవాళ్లకి ఇచ్చిన పనికి ఒక ఆఖరి తేదీ కూడా వేయించండి, ఆ తేదీ రాగానే దాన్ని తెరిచి చూసే బాధ్యత మీది. మెటర్నిటీ లీవు, దీర్ఘకాలిక అనారోగ్యం, ఇంకో విభాగానికి బదిలీ, వీటన్నిటికీ ఇదే పద్ధతి.

పని వేళల తర్వాత మెసేజ్‌ల గురించి కొంచెమే చెప్తాను, దీనిమీద అందరూ బాగానే మాట్లాడుతున్నారు. ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి యాభై మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలు ఈ విషయం ఉద్యోగులతో చర్చించి తేల్చుకోవాలని చట్టం ఉంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పని వేళల బయట వచ్చిన కాల్‌కో మెసేజ్‌కో జవాబివ్వకుండా ఉండే హక్కు ఉద్యోగికి ఉంది, ఆ నిరాకరణ అసమంజసం కానంతవరకు. చట్టం ఉన్నా లేకపోయినా ఆఫీసు లోపల ఒక చిన్న చిక్కుంది. లారా జుర్జే, వెనెస్సా బోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2021లో చూపించింది ఏమిటంటే, అర్జెంట్ కాని మెయిల్‌కి కూడా ఎంత త్వరగా జవాబు కావాలని పంపినవాళ్లు అనుకుంటారో, అందుకున్నవాళ్లు దానికంటే త్వరగా ఇవ్వాలేమోనని టెన్షన్ పడతారు. అంటే సగం ఒత్తిడి ఎవరూ అడగనిదే! దీనికి మందు కూడా తేలికే. "అర్జెంట్ అయితే ఫోన్ చేస్తాను, మెసేజ్ అయితే రేపు చూడండి" అని పైవాళ్ల చేత రాయించండి, ఏది అర్జెంటో కూడా రాయించండి. సర్వర్ పడిపోవడం అర్జెంట్. రేపటి మీటింగ్‌కి స్లైడు రంగు మార్చడం అర్జెంట్ కాదు. రాత్రిపూట తోచినప్పుడు రాసుకుని పొద్దున్నే వెళ్లేలా షెడ్యూల్ చేయడం ఎలాగో డైరెక్టర్లకి మీరే వెళ్లి చూపించండి, రెండు నిమిషాల పని.

అప్రైజల్ ఫారం దగ్గరికి మళ్లీ వస్తాను, అసలు మీట అక్కడే ఉంది. లక్ష్యాలు ఐదుకు మించకుండా చూడండి. ఏడాది మధ్యలో ఆరోది వస్తే ఒకటి తీసేసి రాయాలి. మేనేజర్ మీద పైవాళ్లు నింపే భాగంలో "ఈ ఏడాది మీరు ఇతని దగ్గర నుంచి ఏ పని తీసేశారు?" అని ఒక ప్రశ్న పెట్టండి. నింపడానికి ఇబ్బంది పడతారు, అందుకే పెట్టమంటున్నాను. టీమ్‌లో వాడకుండా మిగిలిపోయిన లీవులు ఎన్నో ఆ పక్కనే కనపడనివ్వండి. ఇక అవార్డులు, "రాత్రింబవళ్లు కష్టపడి ప్రాజెక్టు గట్టెక్కించారు" అని చదివే ప్రశంసాపత్రాలు మీ విభాగమే రాస్తుంటే ఆ వాక్యం ఇకమీదట రాయకండి. అనుకున్న సమయంలో, అనుకున్న మనుషులతో, ఎవరి ఆదివారమూ పోకుండా పూర్తి చేసినవాళ్లు ప్రతి కంపెనీలో ఉంటారు. వాళ్లు గొడవ చేయరు కాబట్టి ఎవరి కంటా పడరు. వెతికి ఇవ్వండి.

మీ హెడ్‌ని ఒప్పించడం ఎలా అంటారా. జాలి మాటలు వద్దు, ఆయనకి అవి వినపడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉద్యోగంలో వచ్చే బర్న్‌అవుట్‌ని, అంటే పనితో పూర్తిగా అలసి సొలసిపోవడాన్ని, 2019లో తన వ్యాధుల వర్గీకరణలో వివరిస్తూ దాన్ని జబ్బుల్లో చేర్చలేదు, పనికి సంబంధించిన పరిణామం అంది, పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా సంభాళించకపోతే వచ్చేదని చెప్పింది. మనిషిని సరిచేసే సెషన్ పెట్టి పనిని ముట్టుకోకపోతే ఏం లాభమని అడగడానికి ఇది చాలు. అదే సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రచురించిన లెక్క ఇంకా గట్టిది: వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. పనిచోట మానసిక ఆరోగ్యం మీద అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వాళ్ల ఐఎస్ఓ 45003 అనే ప్రమాణం కూడా 2021లో వచ్చింది, అందులో పనిభారం పేరు పెట్టి మరీ ఉంది. ఇవి చెప్పాక, వెళ్లిపోయిన ఆ ఇద్దరి స్థానంలో మనుషుల్ని తేవడానికి మీ కంపెనీకి ఎంత ఖర్చయిందో మీ దగ్గరున్న లెక్క పక్కన పెట్టండి. కంపెనీ అంతా ఒకేసారి మార్చాలనకండి. ఒక్క విభాగం, ఒక త్రైమాసికం, అంతే అడగండి. ఎవరూ వద్దనలేనంత చిన్నదిగా అడగాలి.

ఇప్పటిదాకా మేనేజర్ల పక్షాన మాట్లాడాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. కొందరి భారం వాళ్లు పెట్టుకున్నదే. ప్రతి మెయిల్‌లో తన పేరుండాలి, ప్రతి మీటింగ్‌లో తానుండాలి, టీమ్‌లో ఎవరు ఏం చేసినా చివరికి తానే దిద్దాలి. అలాంటివాళ్లని కనిపెట్టడం కష్టమేమీ కాదు, వారం లీవు తీసుకోమనండి, ఏమేం ఆగిపోతాయో చూడండి. ఆగిపోయిన ప్రతిదీ కింద ఎవరికో అప్పగించాల్సింది. వీళ్లకి నిజంగానే కూర్చోబెట్టి నేర్పాలి, ఒక్కొక్కరితో విడిగా, గదినిండా మందిని పోగేసి కాదు. ఇంకో రకం ఉన్నారు, తమ భారం తగ్గిందని సంతోషంగా చెప్తారు, చూస్తే అది టీమ్ మీదికి జరిగి ఉంటుంది. మేనేజర్ ఆరింటికి ఇంటికి వెళ్తున్నాడు, అతని కింద ఇద్దరు పదింటిదాకా ఉంటున్నారు. అందుకే మేనేజర్ లెక్క ఒక్కటే చూస్తే చాలదు, టీమ్ గంటలు, లీవులు కూడా అదే కాగితం మీద ఉండాలి.

మీ దగ్గరికి వచ్చి చెప్పుకున్నవాళ్ల విషయం మర్చిపోకండి. వాళ్లు నమ్మకంతో చెప్పారు, ఆ మాటలు పేర్లతో సహా పై మీటింగ్‌లో వినపడితే ఇంకెవరూ మీ గుమ్మం తొక్కరు. లెక్కలు చూపించేటప్పుడు నాలుగైదు టీమ్‌లవి కలిపి చూపించండి, ఫలానా మేనేజర్ ఇలా ఏడుస్తున్నాడు అన్నట్టు ఉండకూడదు.

చివరిగా, రూల్ పెట్టించాక దాన్ని మొదట తప్పేది బహుశా అందరికంటే పెద్ద డైరెక్టరే అయి ఉంటారు. శుక్రవారం సాయంత్రం ఒక మేనేజర్‌కి ఫోన్ చేసి సోమవారం పొద్దుటికి ఏదో కావాలంటారు, ఏది ఆపాలో చెప్పరు. ఆ రోజే, మెయిల్‌లో కాదు, వెళ్లి విడిగా మాట్లాడండి: "సార్, అది అర్జెంట్ అని అర్థమైంది, దానికోసం ఏది వెనక్కి జరపమంటారో ఒక్క మాట ఆయనకి చెప్పండి." మీకు అంత చనువు లేకపోతే మీ హెడ్‌ని వెంట తీసుకెళ్లండి, ఆయన రాకపోతే ఆ డైరెక్టర్ మాట వినే ఫైనాన్స్ పెద్దనైనా సరే. నెమ్మదిగా, గౌరవంగా, అదే రోజు. వారం ఆగితే ఆ మేనేజర్ అప్పటికే ఆదివారం పని చేసి ఇచ్చేసి ఉంటాడు, ఇక మాట్లాడటానికి ఏమీ మిగలదు.